తోమా పంచిన కొమ్మలు

మోదుగలంక చర్చిలో గంట కొట్టేదీ, చాపలు పరిచేదీ, పెళ్లికి పందిరి వేయించేదీ, చావుకి గొయ్యి తవ్వించేదీ తోమాయే. ఆయనకి అరవై ఎనిమిదేళ్లు. తండ్రి తర్వాత ఆ తాళాలు ఆయన చేతికొచ్చాయి. మనిషి మెతక. ఒకరిని మాట అనడు, ఒకరిచేత మాట పడడు. అలాంటివాడు పదిహేడేళ్లపాటు ఊరందరి కళ్లెదుటా ఒక అబద్ధాన్ని నిలబెట్టాడంటే మొదట ఎవరూ నమ్మలేదు. మెతక మనుషులకి అబద్ధాలు చేతకావని లోకానికి ఎందుకో అంత నమ్మకం.

అబద్ధం ఒక ద్రాక్షతీగ గురించి. వందేళ్ల కిందట ఒక దొరసానమ్మ చర్చి పక్కన దాన్ని నాటింది. ఎక్కడినుంచి తెచ్చిందో తెలిసినవాళ్లు లేరు. యెరూషలేము నుంచని కొందరు, ఓడలో బిస్కెట్ల డబ్బాలో పెట్టుకొచ్చిందని ఇంకొందరు. కొల్లేటి బంకమట్టిలో ద్రాక్ష బతకడమే వింత, కాయడం ఇంకా వింత. ఉసిరికాయలో సగం ఉండే నల్లటి కాయలు, పళ్లు పులిసిపోయేంత పులుపు. ఈస్టరు ముందు దొరికిన రెండు గంపల కాయల్నీ పిండి, కాచి, సీసాల్లో పోసి, ఏడాది పొడుగునా ప్రభు సంస్కారంలో క్రీస్తు రక్తానికి గుర్తుగా తలా ఒక గుక్క పంచేవాళ్లు. మొదటిసారి తాగిన పిల్లలు మొహం చిట్లిస్తే పెద్దవాళ్లు తొడ గిల్లేవాళ్లు.

ఆ తీగకి రెండు కట్టుబాట్లు ఉండేవి. చర్చి తాళాలు ఎవరి దగ్గరుంటే వాళ్ల చెయ్యి తప్ప దానిమీద ఇంకో చెయ్యి పడకూడదు. రెండోది, ఆ చర్చిలో పెళ్లయి అత్తారింటికి వెళ్లే ప్రతి పిల్లకీ తీగ నుంచి జానెడు కొమ్మ కోసి, తడి గోనెగుడ్డలో చుట్టి, గుమ్మం దగ్గర చేతిలో పెట్టాలి. ఆ పిల్ల దాన్ని అత్తారి పెరట్లో నాటుకోవాలి. కొమ్మ చిగురిస్తే ఆ సంగతి ఉత్తరంలోనో ఫోన్లోనో పుట్టింటికి చేరేది. చచ్చిపోతే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు గాని, మరిచిపోయేవాళ్లూ కాదు.

2008 వేసవిలో తోమా భార్య మార్తమ్మకి కిడ్నీలు పాడై ఏలూరు ఆసుపత్రిలో చేరింది. తోమా వారానికి ఐదు రోజులు ఆసుపత్రి వరండాలో, రెండు రోజులు ఊళ్లో. ఆ రెండు రోజుల్లోనే చర్చి ఊడవాలి, బట్టలు ఉతుక్కోవాలి, తీగకి నీళ్లు పొయ్యాలి. మంచినీళ్ల చెరువు దగ్గరినుంచి మోసుకురావాలంటే ఫర్లాంగు నడక. గోడ అవతలే కొత్తగా తవ్విన రొయ్యల చెరువు, దాని పక్క కాలవలో ఎప్పుడూ నీళ్లే. చెయ్యి చాపి ముంచుకోవడమే. అందులో ఉప్పుంటుందని తెలియక కాదు. కొల్లేటి మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పాలా? ఒంట్లో ఓపిక లేదు, అంతే.

ఆకుల అంచులు మాడాయి. తర్వాత ఆకులు రాలాయి. జూన్‌లో మార్తమ్మ పోయింది. ఆమె కోసం జరిపిన ఆదరణ ప్రార్థన అయిన మర్నాడు తోమా గోటితో తీగ బెరడు గీరి చూశాడు. లోపల ఎక్కడా పచ్చదనం లేదు. మొదలు దాకా గీరుకుంటూ వెళ్లాడు. ఎక్కడా లేదు.

చెప్పాలనే అనుకున్నాడు. కానీ పెళ్లాం పోయిందని పరామర్శకి వచ్చినవాళ్లతో, తీగని కూడా నేనే చంపానండీ అనడానికి నోరు పెగల్లేదు. ఈ ఆదివారం కాదు, వచ్చే ఆదివారం అనుకున్నాడు. ఊరి ఆడపడుచుల పెరళ్లలో అదే తీగ బతికి ఉంది కదా, వెళ్లి ఒక కొమ్మ అడుక్కోవచ్చు కదా అని మీరంటారు. అడగడమంటే చెప్పడమే. వానలు పడ్డాక ఒకరోజు తోమా కడియం బస్సెక్కి, నర్సరీలో ఒక నల్లద్రాక్ష మొక్క కొనుక్కొచ్చి, అదే గుంటలో పాతి, ఎండిపోయిన పాత మొదలుకే ఆనించి కట్టాడు. రెండేళ్లు కాయలేదు. పాత మొదలే మళ్లీ చిగురేసిందనీ, తీగ అలిగి కాయలేదనీ అన్నాడు. మూడో ఏడు కాయలు లావుగా, తియ్యగా కాశాయి. ఆ ఈస్టరుకి రసం ఎంత బావుందోనని అందరూ దేవుణ్ణి స్తుతించారు. తోమా మాత్రం ఆ గిన్నె ముట్టలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ముట్టలేదు. భార్య మీద బెంగ అనుకున్నారు.

పెళ్లిళ్లు ఆగవు కదా. కొమ్మలు కోసి ఇస్తూనే ఉన్నాడు. 2011లో సొంత కూతురు రూబీ పెళ్లయింది. కన్నకూతురి చేతిలో కడియం కొమ్మ పెడుతుంటే ఆయన చేతులు వణికాయి. పిల్ల తండ్రి కదా, వణకవా మరి అని పాస్టరమ్మగారు కళ్లు తుడుచుకుంది.

రూబీ తాడేపల్లిగూడెంలో కాపురం. అక్కడ పళ్ల మొక్కల మీద పరిశోధన చేసే ల్యాబు ఒకదాంట్లో కాంట్రాక్టు టెక్నీషియన్. పదమూడేళ్లుగా ఆకులు నూరడమే ఆమె పని. వాళ్ల సారు హేమంత్‌కుమార్ ఊళ్లలో మిగిలిపోయిన పాత ద్రాక్షతీగల మీద ప్రాజెక్టు మొదలుపెడితే, మా ఊరి తీగ సంగతి వినండి సార్ అని రూబీయే చెప్పింది. సారుకి ప్రాణం లేచొచ్చింది. పెళ్లికూతుళ్ల కొమ్మలన్నీ వెతికి పట్టుకుందాం అన్నాడు.

జూలైలో ఒక ఆదివారం రూబీ ఊరొచ్చి తండ్రికి ఆ కబురు చెప్పింది. అన్నం వడ్డిస్తూ చెప్పింది.

"ఆకు చూసి ఏం తెలుసుకుంటారమ్మా?" అన్నాడు తోమా.

"ఆకులోంచి డీఎన్‌ఏ తీస్తాం నాన్నా. అందులో కొన్నిచోట్ల ఒకే ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. ఒక రకంలో పదిసార్లు వస్తే ఇంకో రకంలో పద్నాలుగు సార్లు. ఆ చోట్లనే మార్కర్లంటారు. జెల్‌లో వేసి కరెంటిస్తే గీతల్లా కనపడతాయి. గీతలు కలిస్తే ఒకే తీగ, కలవకపోతే వేరేది."

"వందేళ్లయినా కలుస్తాయా?"

"వెయ్యేళ్లయినా కలుస్తాయి. విత్తనం వేస్తే మారుద్దిగాని, కొమ్మ పాతితే తల్లికీ పిల్లకీ తేడా ఏం ఉండదు. అసలు ఈ తీగ ఏ దేశం నుంచొచ్చిందో కూడా తేలొచ్చు." రూబీ మొహం వెలిగిపోతోంది. పదమూడేళ్లుగా ఎవరెవరి ఆకులో నూరిన పిల్ల, మొదటిసారి తన ఊరి ఆకు నూరబోతోంది. "మిగతావి నేను ఇంటింటికీ వెళ్లి తెచ్చుకుంటాను. చర్చిది మాత్రం నువ్వే కొయ్యాలి, నేను ముట్టుకోకూడదుగా. లేత ఆకులు నాలుగు, ఈ కవర్లో పెట్టి ఇవ్వు. ఇందులో గుళికలున్నాయి చూడు, తడి పీల్చేస్తాయి. వారమైనా పాడవదు."

తోమా కవరు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఊరు ఏమంటుందన్నది తర్వాత సంగతి. ఈ పిల్ల తన చేతులతో తనే గీతలు చూసి తండ్రి సంగతి తెలుసుకుంటుంది. ఆయనకి భయమల్లా అదే.

మర్నాడు పొద్దున్నే ఏలూరు వెళ్లి, అక్కణ్ణుంచి జంగారెడ్డిగూడెం బస్సెక్కాడు. అక్కడ సరోజ ఉంటుంది. తోమాకి వరసకి అక్క, డెబ్బై నాలుగులో పెళ్లయి వెళ్లింది. మెట్ట నేల ద్రాక్షకి బాగా పడింది. ఆమె పెరట్లో తీగ ఇంటిమీదకి పాకి, నీళ్ల ట్యాంకుని కప్పేసింది. అవే చిన్న ఆకులు, అంచుల్లో అదే ఎరుపు. దాన్ని చూడగానే తోమాకి మార్తమ్మ గుర్తొచ్చింది.

"మన తీగ ఎలా ఉందిరా?" అంది సరోజ.

"బావుందక్కా."

ఆమె వంటింట్లోకి వెళ్లగానే నాలుగు లేత ఆకులు తుంచి కవర్లో పెట్టుకున్నాడు. కోడిపులుసు వండి పెట్టింది, తిన్నాడు. సాయంత్రం బస్సులో కూర్చుని, గండం గడిచిందనుకుని హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. నాలుగు ఆకుల కోసం అంత దూరం వెళ్లొచ్చినవాడికి ఒక చిన్న సంగతి తట్టలేదు. చర్చిలో ఉన్న ఒక్క తీగనే తలుచుకున్నాడు గాని, దాని కొమ్మలు తన చేతుల మీదుగా ఎన్ని ఇళ్లకి వెళ్లాయో తలుచుకోలేదు.

ఆగస్టు చివర్లో ఆరాధన అయ్యాక సారు చర్చికి వచ్చి, గోడమీద తెల్లదుప్పటి కట్టించి బొమ్మ వేసి చూపించాడు. పక్కన రూబీ ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడింది. సారు మంచివాడు, ఉత్సాహం పట్టలేకపోతున్నాడు.

"మీ తీగ మామూలుది కాదండి. మా దగ్గరున్న ఏ జాబితాలోనూ ఈ రకం లేదు. మొత్తం పదిహేడు ఇళ్లలో కొమ్మలు దొరికాయి. పదకొండు అచ్చంగా చర్చి తీగతో కలిశాయి. వందేళ్లపాటు ఇలా కాపాడుకున్న ఊరు ఇంకెక్కడా ఉండదండి."

జనం చప్పట్లు కొట్టారు. తోమా కూడా కొట్టాడు.

"మరి మిగతా ఆరూ?" అన్నారు పాస్టరు నెహెమ్యాగారు.

"అవి బజార్లో దొరికే రకమండి. ఆరూ ఒక్కటే రకం. అసలు కొమ్మ చచ్చిపోతే నర్సరీది తెచ్చి పెట్టుకుని ఉంటారు. తప్పేం లేదండి, జరుగుతూ ఉంటుంది."

బొమ్మలో ఆరు పేర్లూ ఉన్నాయి. ఏ ఇంటి ఆకుకి ఆ ఇంటి కోడలి పేరు రాసింది రూబీ. ఆరుగురూ ఈ పదిహేడేళ్లలో పెళ్లయినవాళ్లు. ఆ సంగతి జనానికి వేరేలా తోచింది. ఈ కాలం పిల్లలకి ఓపికెక్కడిది, ఫోన్లు చూసుకోవడానికే సరిపోతుంది అని వెనక బెంచీలో గొణిగారు. ఆరో పేరు రూబీదే.

"నీది కూడా పోయిందా రూబీ?" అని ఎవరో నవ్వారు.

"పోయినట్టే ఉందండి" అంది రూబీ. తండ్రివైపు చూడలేదు.

అప్పుడు లేచి ఒక్క మాట చెప్పి ఉంటే అక్కడితో పోయేది. తోమా లేవలేదు. వచ్చే ఆదివారం అనుకున్నాడు. ఆయన జీవితంలో ఈ వచ్చే ఆదివారాలు ఎన్ని పోయాయో లెక్కలేదు.

ఆ ఆరుగురిలో జాయ్సీ ఒకతె. పదేళ్ల కిందట కలిదిండి చేపల చెరువుల దగ్గర కాపలా ఉండే ఇంటికి కోడలై వెళ్లింది. సెప్టెంబరులో కైకలూరు సంతలో ఆమె అత్త కనకరత్నం తోమాకి ఎదురైంది.

"మీరెంతో ప్రేమగా ఇచ్చారు అన్నయ్యగారూ. మా కోడలు దేవుడిచ్చిన కొమ్మని నిలబెట్టుకోలేకపోయింది. చంపుకుంది చంపుకున్నట్టు ఉండక, బజారుది తెచ్చిపెట్టి ఇన్నేళ్లు మమ్మల్ని నమ్మించింది. ఆ పిల్ల నోట్లోంచి ఇంకేమాట వచ్చినా నమ్మబుద్ధి కావట్లేదండి."

"ఏమంటోందమ్మా ఆ పిల్ల?"

"ఏమంటది? చావలేదంటది. ఒక వేసవి నెల్లాళ్లు పుట్టింట్లో ఉంది లెండి. అప్పుడు ఎండిపోతే మావాడే వేరేది పాతాడేమోనని వాణ్ణి నిలదీసింది. ఇద్దరికీ మాటల్లేవు. చర్చికి కూడా రావట్లేదు."

తోమా ముందు రెండు దారులున్నాయి. "పోనివ్వమ్మా, చిన్నపిల్ల" అన్నాడు. అని, కొన్న వంకాయలు అక్కడే కొట్టుమీద మరిచిపోయి ఇంటికొచ్చాడు. ఆ రాత్రంతా కన్ను మూత పడలేదు. చేసింది తను, పడుతోంది ఒక ఆడపిల్ల. అది ఆయనకి తెలుసు. తెలిసి ఏం లాభం?

అక్టోబరులో తీగ కత్తిరించే రోజులొచ్చాయి. నెహెమ్యాగారికి మంచి ఆలోచన వచ్చింది. ఒక ఆదివారం ఆ ఆరుగురినీ పిలిచి, ఎవరినీ ఏమీ అనకుండా తల్లితీగ నుంచి మళ్లీ కొమ్మలు ఇప్పిద్దామన్నారు. ఇచ్చేది తోమాయే కదా. తోమా సరేనండి అన్నాడు. ఇంకేమంటాడు?

ఆ ఆదివారం ఐదుగురు వచ్చారు. జాయ్సీ రాలేదు. ఆరాధన అయ్యాక అందరూ ద్రాక్షపందిరి చుట్టూ చేరారు. తోమా కత్తెర తీసి ఆరు కొమ్మలు కోశాడు, గోనెగుడ్డల్లో చుట్టాడు. ఒక్కొక్కతే వచ్చి తల దించుకుని, రెండు చేతులూ చాచి తీసుకుంది. ఒకామె మెల్లగా, ఈసారి జాగ్రత్తగా పెంచుకుంటానండి అంది. పదిహేనేళ్లు పెంచుకున్న తీగనే మళ్లీ ఆమె చేతిలో పెట్టాడాయన.

ఆఖర్న రూబీ వచ్చింది. రెండు నెలలుగా తండ్రి ఇంటికి రాలేదామె. ఫోన్ చేస్తే పనుందనేది. తోమా కొమ్మ అందించాడు. ఆమె చేతులు చాచలేదు.

"నాకొద్దు నాన్నా" అంది. "ఇదే మా మేడమీద ఉంది."

పెద్దగా అనలేదు. కానీ పక్కనున్న నెహెమ్యాగారికి వినపడింది. "అదేంటమ్మా?" అన్నారు.

రూబీ తండ్రివైపు చూస్తూ నిలబడింది. ఆమె చెప్పేదైతే ఎప్పుడో చెప్పేది. ఆయన చెబుతాడేమోనని రెండు నెలలు చూసింది, ఇప్పుడూ చూస్తోంది. తోమాకి అది అర్థమైంది. చేతిలో కొమ్మ కిందపడింది.

"ఇది దొరసానమ్మ తీగ కాదండి" అన్నాడు. "అది చచ్చిపోయి పదిహేడేళ్లయింది. ఉప్పునీళ్లు పోసి నేనే చంపాను. ఇది నేను కడియం నుంచి తెచ్చింది. చర్చివని నేను సారుకి పంపిన ఆకులు కూడా దీనివి కాదండి, సరోజక్క ఇంట్లోవి. ఈ పిల్లలు ఏ కొమ్మనీ చంపలేదు. నేనేది ఇస్తే అదే పెంచుకున్నారు."

ఎవరూ తిట్టలేదు. తిడితే బావుండేది. నలుగురు ఆడవాళ్లూ తమ చేతుల్లో కొమ్మలు అరుగుమీద పెట్టేసి, పిల్లల్ని పిలుచుకుని వెళ్లిపోయారు. నెహెమ్యాగారు ఆ పందిరికేసి చూశారు. తర్వాత, "తాళాలు చర్చిలో బల్లమీద పెట్టేయండి తోమాగారూ" అన్నారు. ఆయన గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువ.

బస్సు దాకా తోమా కూతురి వెనకే నడిచాడు. "నీకెప్పుడు తెలిసిందమ్మా?" అని అడిగాడు.

"నాది కలవకపోతే మొదట నేనే తప్పు చేశాననుకున్నాను. మూడుసార్లు చేశాను. నా కొమ్మ చావలేదని నాకు తెలుసుగా. సెప్టెంబరులో ఒకరోజు నువ్వు చేపలకి వెళ్లినప్పుడు వచ్చి, చర్చిది నేనే కోసుకున్నాను. అది నాదానితో కలిసింది."

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగితే నువ్వేడుస్తావు. నువ్వేడిస్తే నేను ల్యాబులో అబద్ధం రాసేస్తాను." రూబీ రోడ్డుకేసి చూస్తోంది. "మొదట్లోనే నాతో చెప్పుంటే రాసేసేదాన్ని కూడా నాన్నా. నీకోసం రాసేదాన్ని. చెప్పకపోవడమే మంచిదైంది. సారుకి రేపు చెప్పాలి. ఉద్యోగం ఏమవుతుందో తెలీదు."

బస్సు వచ్చింది. ఎక్కేముందు, "జాయ్సీ దగ్గరికి నువ్వే వెళ్లు. ఫోన్లో చెప్పకు" అంది. ఇంటికి రమ్మనలేదు, మళ్లీ వస్తానని కూడా అనలేదు.

మర్నాడు పొద్దున తోమా కలిదిండి వెళ్లాడు. చెరువుల గట్టు మీద రెండు గదుల రేకులిల్లు. జాయ్సీ బయట గిన్నెలు తోముతోంది. ఆయన్ని చూసి చెయ్యి కడుక్కుని లేచింది. లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసింది. తోమా కూర్చోలేదు.

"అత్తయ్యగారు లేరండి, చెరువుల మీదకెళ్లారు" అంది జాయ్సీ.

"నీతోనే పనమ్మా. నీ తీగ ఏది?"

జాయ్సీ ఇంటి పక్కకి చూపించింది. వెదురు పందిరి ఒకటి ఖాళీగా నిలబడి ఉంది. దాని కింద గొయ్యి, పక్కన గట్టు మీద వేళ్లతో సహా ఎండిపోయిన తీగ, ఇంకా అక్కడక్కడా చుట్టుకుని ఉన్న ఆకులతో పడి ఉంది. మొదలు మణికట్టంత లావుంది.

"పోయిన నెల్లో పీకేశానండి మావయ్యగారూ. రోజూ దాన్నే చూసుకుంటూ మాట పడలేకపోయాను. రెండు గంటలు పట్టింది, గట్టిగా పాతుకుంది." క్షమాపణ అడుగుతున్నట్టే చెప్పింది.

తోమా చెప్పాడు. ఊరి ముందు చెప్పినదానికంటే ఇక్కడ ఎక్కువ సేపు పట్టింది, ఎక్కువ మాటలు కావలసి వచ్చాయి. మార్తమ్మ జబ్బు సంగతి చెప్పబోయి, అది ఈ పిల్లకెందుకని మధ్యలో ఆపేశాడు. ఇదే తీగ నీకిచ్చానమ్మా, నువ్వు పీకింది నేనిచ్చిందే అన్నాడు.

జాయ్సీ తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. వెళ్లి ఆ ఎండు తీగ పక్కన కూర్చుని, దాని మొదలు మీద చెయ్యేసింది.

"అయితే నేను చంపలేదన్నమాట" అంది. "ఆ వేసవిలో కూడా చావలేదు."

"లేదమ్మా. పదేళ్లు బతికించావు."

ఆ మాటకి ఇన్నాళ్లూ ఎవరి ముందూ కన్నీళ్లు పెట్టని పిల్ల ఆ గొయ్యి పక్కనే కూర్చుని గొంతెత్తి ఏడ్చింది. తోమా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దగ్గరికెళ్లి ఊరుకోమ్మా అని చెప్పే మొహం ఆయనకి లేదు.